మిగిలిపోయినవాళ్ల చదువా ఇది?

నీట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి డిగ్రీ కాలేజీల్లో అడ్మిషన్లు ముగిసేదాకా, బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఒకే మాట తిరుగుతూ ఉంటుంది: "ఎంబీబీఎస్ రాలేదు, ఇక ఏదో ఒక బీఎస్సీ." ఆ మాట తండ్రి అనొచ్చు, మేనమామ అనొచ్చు, రెండేళ్లు ఫీజు కట్టించుకున్న కోచింగ్ సెంటరు వాళ్లే అనొచ్చు. ఎవరన్నా సారం ఒకటే. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్, ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీల్లో బయోమెడికల్ సైన్స్ పేరుతోనే చెప్పే ఆనర్స్ డిగ్రీ, ఇవన్నీ డాక్టరు కాలేకపోయినవాళ్లకు మిగిలిన చదువులని. మర్యాదకు ఎవరూ ఎదురు చెప్పక ఈ మాట నిజంలా స్థిరపడిపోయింది. బాగా చదువుకున్నవాళ్లు, డాక్టర్లు, చివరికి ఈ సబ్జెక్టులే చెప్పి జీతం తీసుకునే లెక్చరర్లు కూడా దాన్ని వల్లెవేస్తున్నారు. నేనూ ఈ పాఠాలు చెప్పేవాళ్లలో ఒకణ్ని. ఆ మాట అబద్ధమని, దానివల్ల నష్టపోతున్నది పిల్లలు మాత్రమే కాదని చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ముందు లెక్క చూద్దాం. 2024లో నీట్‌కు పేరు నమోదు చేసుకున్నవాళ్లు 24 లక్షల పైమాటే. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అందరూ ఎంత బాగా రాసినా ఇరవై లక్షలమందికి పైగా బయట ఉండక తప్పదు. అది సీట్ల కొరత, పిల్లల తెలివికి కొలత కాదు. మూడు గంటల్లో 180 బిట్లు పెట్టగల వేగాన్ని, జ్ఞాపకశక్తిని ఆ పరీక్ష చూస్తుంది. ఉన్న సీట్లు పంచడానికి ఏదో ఒక కొలత కావాలి కాబట్టి దానితో నాకు పేచీ లేదు. కానీ ఒక ప్రయోగం నాలుగుసార్లు చెడితే ఐదోసారి ఎక్కడ చెడిందో వెతికే ఓపికను అది చూడదు. పుస్తకంలో ఉన్నదానికీ కళ్లముందు కనిపిస్తున్నదానికీ పొంతన కుదరనప్పుడు పుస్తకాన్ని అనుమానించే ధైర్యాన్నీ చూడదు. శాస్త్రానికి కావలసినవి ఆ రెండే. అవి ఉన్న పిల్లలు ఏటా వేలమంది "సీటు రానివాళ్లు" అన్న ముద్రతో మా క్లాసుల్లోకి వస్తున్నారు.

వచ్చి ఏం చేస్తున్నారో కూడా చెప్పాలి. మొదటి సంవత్సరంలో ఎంజైముల పాఠం నడుస్తుంటే కొందరి ఒళ్లో నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ మెటీరియల్ ఉంటుంది. ఈ ఏడు మళ్లీ రాస్తారు, వచ్చే ఏడు ఇంకోసారి. శరీరం ఇక్కడ, మనసు అక్కడ. మందలించబోతే, "ఇది ఊరికే చేరాను సార్" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. పదిహేడేళ్ల పిల్లకు ఇంటిల్లిపాదీ కలిసి నువ్వు ఓడిపోయావని చెప్పాక, ఆ పిల్ల తన ముందున్న పాఠాన్ని ఓటమికి శిక్షగా కాక మరెలా చూస్తుంది?

ఇక అసలు వాదానికి వస్తాను. ఈ చదువు వైద్యానికి తక్కువరకం నకలు అన్నది వైద్యం ఎలా పుట్టి పెరిగిందో తెలియనివాళ్ల మాట. ఇన్సులిన్ కథే తీసుకోండి, మన రాష్ట్రాల్లో షుగరు జబ్బు లేని వీధి లేదు కాబట్టి. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే సర్జన్ కుక్కల క్లోమం నుంచి రసం తీసే పని మొదలుపెట్టారు. ఆయనకు తోడిచ్చింది చార్లెస్ బెస్ట్ అనే ఇరవైరెండేళ్ల కుర్రాణ్ని. అతను డాక్టరు కాదు. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదివి అప్పుడే డిగ్రీ ముగించినవాడు. రక్తంలో చక్కెర కొలవడం అతని పని. 1922 జనవరి 11న వాళ్లు తీసిన రసాన్ని లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి ఎక్కించారు. చక్కెర కొద్దిగా తగ్గింది, సూది గుచ్చిన చోట గడ్డ కట్టింది. ఆపేయాల్సి వచ్చింది. రసంలో ఇన్సులిన్ ఉంది, దానితోపాటు నానా మలినాలూ ఉన్నాయి.

అక్కడ సర్జన్ నైపుణ్యం చేయగలిగింది ఏమీ లేదు. చేసింది జేమ్స్ కాలిప్ అనే బయోకెమిస్టు. ఆల్కహాలు గాఢతను మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే ఒక్కో ప్రోటీను ఒక్కో దగ్గర విడిపోయి అడుగుకు చేరుతుంది. ఏ మెట్టు దగ్గర మలినాలు దిగిపోతాయో, ఏ మెట్టు దగ్గర ఇన్సులిన్ దిగుతుందో ఆయన పట్టుకున్నారు. తొంభై శాతం దాటాక ఇన్సులిన్ అడుగున పొడిలా మిగిలింది. పన్నెండు రోజుల తర్వాత, జనవరి 23న, అదే అబ్బాయికి ఆ శుద్ధి చేసిన మందు ఎక్కించారు. చక్కెర మామూలు స్థాయికి దిగింది, మూత్రంలో కీటోన్లు మాయమయ్యాయి. చావు అంచున ఉన్న పిల్లవాడు బతికాడు. జనవరి 11కూ 23కూ మధ్య తేడా ఎవరు తెచ్చారో చూడండి. ప్రోటీన్లు ద్రావణంలో ఎలా ప్రవర్తిస్తాయన్నది మా రెండో సంవత్సరం పిల్లలు చదివే అధ్యాయం. ఊరికే చేరానన్న పిల్ల ఒళ్లో ఇంకో పుస్తకం పెట్టుకుని వదిలేస్తున్న పాఠం అది.

మన మనిషి కథ ఇంకా దగ్గరిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టుకుని సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువగా చూసే ఎల్ఎంఎస్ పట్టాతో బయటికొచ్చారు. ఎంబీబీఎస్ దక్కని ఆ మనిషి అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ ల్యాబులో చేరారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో వెలువడింది. ఈనాటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని చేసి చూస్తున్నారు. తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధనకు నాయకత్వం వహిస్తూ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయించారు. కణం డీఎన్ఏ తయారు చేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే కనిపిస్తూ, ఎంజైమును పట్టుకుని వదలని ఇంకో అణువును తయారుచేస్తే, పిచ్చిగా పెరిగే క్యాన్సర్ కణం ఆగుతుంది కదా? ఆ ఆలోచన నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరుతో ఉన్న పిల్లలకు ఇచ్చారు. పదహారుమందిలో పదిమందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ పరంపరలోదే మెథోట్రెక్సేట్. దానికి తోడుగా వాడే 6-మెర్కాప్టోప్యూరిన్ తయారు చేసింది గెర్ట్రూడ్ ఎలియన్. ఆవిడ 1937లో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తి చేస్తే ఆడపిల్లకు ల్యాబులో పని ఇవ్వం అన్నారు. పీహెచ్‌డీ పూర్తి చేసే అవకాశమూ దక్కలేదు. 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈరోజు హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో మరో చోటికో ఒక తండ్రి రక్త క్యాన్సరుతో ఉన్న బిడ్డను తీసుకొస్తాడు. మొదటి విడత గట్టి చికిత్స ముగిశాక ఆ బిడ్డ ఏళ్ల తరబడి వాడే మాత్రలు ప్రధానంగా రెండు. 6-మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికొకసారి. అప్పట్లో వారాల్లో ప్రాణం తీసిన జబ్బు నుంచి, వసతులున్న దేశాల్లో ఇప్పుడు నూటికి ఎనభైమందికి పైగా పిల్లలు బయటపడుతున్నారు. ఆ మాత్రలను జాగ్రత్తగా లెక్కగట్టి ఇచ్చే డాక్టరుకు రెండు చేతులా దణ్ణం పెడతాను. కానీ ఆ మాత్రలను సాధ్యం చేసిన చదువును ఆ డాక్టరు చదువుకు మిగులు అనడానికి మనకు నోరెలా వస్తోంది?

"సుబ్బారావు డాక్టరే కదా" అని ఇక్కడ అడ్డం తగులుతారు. మెడికల్ కాలేజీలో చదివిన మాట నిజమే. కానీ అమెరికాలో ఆయన రోగుల్ని చూసి బతకలేదు, పాతికేళ్లు ల్యాబులోనే ఉన్నారు. అయినా ఆయన ఇచ్చిన మందు మన ఊళ్లలో ప్రతి ఇంటి గడపకూ వచ్చింది. బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర ఆయన బృందం తయారు చేసినదే. నాడి పట్టకుండానే ఆ మనిషి ఎంతమందికి వైద్యం చేశారో ఊహించండి.

రెండో దాడి ఇంకో దిక్కునుంచి వస్తుంది. "ల్యాబులో ఇప్పుడన్నీ మెషిన్లే చేస్తున్నాయి. శాంపిల్ పెడితే రిపోర్టు వస్తుంది. దానికి ఇంత చదువెందుకు?" అని. దీనికి ఒక్క రిపోర్టు చూపిస్తే చాలు. రక్తం తీసేటప్పుడు ఊదారంగు మూత గొట్టం కణాల లెక్కకు, ఎర్ర మూతదో పసుపు మూతదో సీరం పరీక్షలకు వాడతారు. ఊదారంగు గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ పొటాషియం లవణం ఉంటుంది. హడావుడిలో ఎవరో సీరం గొట్టంలో రక్తం చాలలేదని ఊదారంగు దాంట్లోంచి కాస్త ఒంపారనుకుందాం. మెషిన్ తన పని తాను తప్పులేకుండా చేస్తుంది. పొటాషియం 8, కాల్షియం 4 అని అచ్చేస్తుంది. పొటాషియం ఐదు దాటితేనే డాక్టర్లు జాగ్రత్త పడతారు. ఎనిమిదంటే గుండె ఆగిపోయే అంకె. వార్డులో ఉన్న డాక్టరు అది నమ్మి పొటాషియం దించే మందులు మొదలుపెడితే, నిజానికి మామూలుగా ఉన్న పొటాషియం ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసి ఆగే మనిషి కావాలి. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుందని, పొటాషియాన్ని వదులుతుందని తెలిసిన మనిషి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా అనుమానాస్పదంగా తగ్గిందా అని అదే రిపోర్టులో కిందికి చూసే మనిషి, ఎందుకంటే ఆ ఎంజైముకు కావలసిన జింకును, మెగ్నీషియాన్ని కూడా ఈడీటీఏ లాగేస్తుంది. అప్పుడు ఆ మనిషి ఫోన్ చేసి "కొత్త శాంపిల్ పంపండి, ఇది రోగిలోది కాదు, గొట్టంలోది" అంటాడు. రోగికి ఆ ఫోను సంగతి ఎప్పటికీ తెలియదు. డిశ్చార్జి కాగితాల్లో ఆ మనిషి పేరు ఉండదు. బటన్ నొక్కడం నేర్చుకున్నవాళ్లకూ ఈ చదువు చదివినవాళ్లకూ తేడా ఆ ఫోన్ కాలే. ఈ చదువు అక్కర్లేదనేవాళ్లు తమ ఇంట్లో మనిషి ఐసీయూలో ఉన్నప్పుడు ఆ అంకెను ఎవరు చూస్తే బాగుంటుందో తమకు తామే చెప్పుకోవాలి.

మన సమాజానికి ప్రత్యేకమైన ప్రశ్నలున్నాయి, వాటికి ఇంకెవరో వచ్చి జవాబు వెతకరు. ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా రక్తంలో ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. మన తెలుగు ఆర్యవైశ్యుల్లో ఆ ఎంజైము లోపం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్లకు మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటరే దిక్కు. తరతరాలుగా ఒకే సమూహంలో పెళ్లిళ్లు జరిగిన చోట ఇలాంటి జన్యులోపాలు ఎలా పోగుపడతాయో హైదరాబాదు సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందాలు కలిసి 2017లో చూపించాయి. మత్తు డాక్టరు ముందే జాగ్రత్త పడగలుగుతున్నారంటే దాని వెనక జన్యుశాస్త్రం చదివినవాళ్ల శ్రమ ఉంది. అలాగే పసిపిల్లల విరేచనాలకు రోటావైరస్ టీకా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల్లో దొరికిన వైరస్ రకాన్ని పట్టుకుని హైదరాబాదు సంస్థ తయారు చేసిన ఆ టీకా, 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి మొదట వచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, ఇచ్ఛాపురం. కొబ్బరితోటల మధ్య పచ్చగా ఉండే ఆ పల్లెల్లో షుగరు లేదు, బీపీ లేదు అనుకున్న రైతులకు, కూలీలకు కిడ్నీలు పోతున్నాయి. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పలాసలో పెద్ద ఆసుపత్రి వచ్చింది. చాలా మంచిది. కానీ ఈ జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు ఇంకా లేదు. నీళ్లలో ఏదైనా ఉందా, పురుగుమందులా, ఎండలో ఒళ్లెండిపోయే పనా, వంశంలో ఏదైనా ఉందా, ఇవన్నీ కలిసా? ఎంతమంది నెఫ్రాలజిస్టులను పంపినా డయాలసిస్ మెషిన్ ముందు కూర్చున్న డాక్టరు దీనికి జవాబు చెప్పలేరు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల పని అది కాదు. నీళ్లు, మూత్రం, రక్తం, జన్యువులు ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఒకే మనుషుల్లో పరీక్షించేవాళ్లు కావాలి. శ్రీకాకుళం జిల్లాలో బైపీసీ చదివిన పిల్లల కంటే దీనికి తగినవాళ్లు ఎవరు? ఆ పిల్లలకు మనం చెబుతున్నది మాత్రం, సీటు రాకపోతే బతుకు అయిపోయిందని.

ఉద్యోగాల సంగతి చెప్పమంటారు. చెబుతాను, దాచడానికేమీ లేదు. డిగ్రీతో ఆగినవాళ్లకు మొదటి జీతాలు తక్కువ. ప్రభుత్వ ల్యాబుల్లో పోస్టులు భర్తీ చేయక కాంట్రాక్టు మీద ఏళ్లు లాగిస్తున్నారు. పీహెచ్‌డీలో చేరిన జేఆర్ఎఫ్‌కు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలని ప్రకటించారు, అది నెలనెలా చేతికి అందదు. అమీర్‌పేట వీధుల్లో మెడికల్ కోడింగ్ నేర్చుకుని అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కోడ్‌లు వేస్తున్న మా పూర్వ విద్యార్థులు చాలామంది. అది గౌరవంగా కుటుంబాన్ని పోషిస్తున్న పని, నేను చిన్నచూపు చూడను. మనసులో బాధ మాత్రం ఉంది. కానీ ఈ ఫిర్యాదులన్నీ ప్రభుత్వం మీద, యాజమాన్యాల మీద పెట్టాల్సినవి. సబ్జెక్టు మీద పెట్టి చేతులు దులుపుకుంటే వాళ్లకే లాభం. శామీర్‌పేట, తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీలో టీకాల తయారీ, నాణ్యత పరీక్షలు, క్లినికల్ ట్రయల్స్ నడవడానికి చేతిలో పనితనం ఉన్న మనుషులు కావాలి. పనితనం మూడేళ్లు తలవంచుకుని కూర్చున్న క్లాసులో రాదు.

ఇదే లెక్క రెండోవైపు ఎవరూ వేయరు. మూడుసార్లు లాంగ్ టర్మ్, ఆ తర్వాత మేనేజ్‌మెంట్ కోటా, అది అందకపోతే పొలం అమ్మి విదేశాల్లో ఎంబీబీఎస్. తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసుకు రాయాల్సిన అర్హత పరీక్షలో ఎక్కువమంది గట్టెక్కడం లేదు. ఆ కుటుంబాల మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. కానీ బీఎస్సీ చేస్తే భవిష్యత్తు లేదని భయపెట్టి వాళ్లను ఆ దారి పట్టించినవాళ్ల మీద కోపం ఉంది.

ఆడపిల్లలకైతే ఈ అవమానం ఇంకో వేషంలో వస్తుంది. "అమ్మాయే కదా, పెళ్లిదాకా ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు" అని. మా క్లాసుల్లో ఎక్కువమంది అమ్మాయిలే. వాళ్లలో కొందరు మైక్రోస్కోపు ముందు కూర్చుంటే లేవమన్నా లేవరు. ఎమ్మెస్సీ ఎంట్రన్సు రాయిస్తాను సార్ అని చెప్పిన తండ్రి, నెల తిరక్కుండా పెళ్లి శుభలేఖ తెచ్చిస్తాడు. ఇది తప్పని ఆ తండ్రికి మొహమాటం లేకుండా చెప్పాలి. చెబుతూనే ఉన్నాను.

ఈ చిన్నచూపు వల్ల అసలు మేలు పొందుతున్నది ఎవరో చూస్తే విషయం తేలిపోతుంది. ఎలాగూ మిగిలిపోయినవాళ్లే వస్తారని తెలిసిన కాలేజీ ల్యాబు మీద రూపాయి పెట్టదు. జీవిత కాలంలో ఒక్కసారి కూడా పిపెట్ సరిగ్గా పట్టని విద్యార్థి, సీనియర్ దగ్గర తెచ్చుకున్న రికార్డు చూసి బొమ్మలతో సహా దించేసి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సంతకంతో పాసవుతాడు. ఎవరూ అడగరు. అడగాల్సిన తల్లిదండ్రులు ఎంబీబీఎస్ రాలేదన్న దుఃఖంలో ఉంటారు.

డిగ్రీ పిల్లల చేత నిజమైన పని చేయించవచ్చు. 1966లో ఇండియానా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ అనే కుర్రాడు తన ప్రొఫెసర్ థామస్ బ్రాక్ దగ్గర పనిచేస్తూ, యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో డెబ్బై డిగ్రీల వేడిలో బతికే ఒక బాక్టీరియాను ల్యాబులో పెంచాడు. దాని ఎంజైము లేకుండా పీసీఆర్ ఈనాటి రూపంలో లేదు. 2020లో కోవిడ్ నిర్ధారణకు మన జిల్లాల్లో రాత్రింబవళ్లు నడిచిన ఆర్టీపీసీఆర్ పరీక్షలకు ఆధారం ఆ ప్రక్రియే. ఆ కుర్రాడికి ప్రొఫెసరు నమ్మి పనిచ్చారు, చేతికి శాంపిల్ ఇచ్చారు. అంతకు మించి ప్రత్యేకమేమీ లేదు.

అందుకే ఈ జూన్‌లో బిడ్డను డిగ్రీలో చేర్చడానికి వెళ్లే తల్లిదండ్రులను అడుగుతున్నాను. కాలేజీ గేటు మీది ర్యాంకుల ఫ్లెక్సీ దగ్గర ఆగకుండా నేరుగా ల్యాబుకు వెళ్లండి. సెంట్రిఫ్యూజ్ తిరుగుతుందా, దాని మీద దుమ్ము ఉందా చూడండి. ఫ్రిజ్ తలుపు తీయించండి. లోపల ఎంజైములు, కిట్లు ఉంటే వాటి మీద తేదీలు చదవండి. రెండో సంవత్సరం పిల్లల్ని ఒకర్నో ఇద్దర్నో పక్కకు పిలిచి, "జెల్ నువ్వే స్వయంగా రన్ చేశావా అమ్మా, సార్ చేస్తుంటే చూశావా?" అని అడగండి. చూశామని చెబితే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, ఫీజు రసీదు బల్ల మీద పెట్టి, ఎందుకని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.